నత్త పంపిన పాట

నా దగ్గర వయొలిన్ నేర్చుకునే పిల్లలు ఇళ్ళ దగ్గర యాప్‌లో పాఠం విని, సాధన చేసి పంపిన రికార్డింగులు వింటున్నాను. అందరూ ఒకే చోట ఆగుతున్నారు. పాట మధ్యలో స్వరాలు మెట్లెక్కినట్టు పైకి పోయి, అన్నిటికంటే పైనున్నదాన్ని అందుకోవాలి. అక్కడికి రాగానే ప్రతి వయొలినూ కాలికి గడప తగిలినట్టు రెప్పపాటు తడబడి, అప్పుడు గానీ అందుకోవడం లేదు.

"ఎవరు నేర్పారండీ వీళ్ళకి ఈ నత్తి?" అన్నాను.

మా ఆయన కళ్ళజోళ్ళ షాపుకి బయల్దేరుతున్నారు. "ఇంకెవరు? ఆ యాప్‌లో నువ్వు వాయించి పెట్టిన పాఠం ఒకసారి విను. నచ్చదు. అయినా విను."

విన్నాను. నా చిటికెన వేలు. ఒకప్పుడు కారు తలుపులో పడి నలిగింది. అతుక్కుంది గానీ చెప్పిన మాట వినడం మానేసింది. దాన్ని పై స్వరం దాకా చాచడానికి రెప్పపాటు ఆలస్యమవుతుంది. ఆ రెప్పపాటుని ఎవరికీ తెలియకుండా దాచేశాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. పిల్లలు దాన్ని కూడా పాటలో భాగమనుకుని శ్రద్ధగా నేర్చుకున్నారు.

వేరే దారి తెలియక కాదు. చేతినే కాస్త పైకి జరిపితే ఉంగరపు వేలితో ఆ స్వరం దొరుకుతుంది. కానీ చిటికెన వేలిని పక్కన పెట్టడమంటే ఆ కారు తలుపుకి ఓడిపోవడమే అనిపించేది. అందుకే పిల్లలకీ ఒకటే మాట చెప్పేదాన్ని: "చెయ్యి కదపకు. వేలు చాచు."

ఒక్క రికార్డింగు మిగిలింది. నత్త పంపింది. పదకొండేళ్ళ పిల్ల. ఆ యాప్‌లో పాఠం వేగం మార్చుకోవడానికి ఒక గీత ఉంటుంది, ఒక చివర కుందేలు బొమ్మ, రెండో చివర నత్త బొమ్మ. మిగతావాళ్ళు మొదటి రోజే కుందేలు దగ్గరికి దూకేస్తారు. ఈ పిల్ల నత్తని వదిలి రాదు. అందుకని ఆ పేరు.

స్వరాలు మెట్లెక్కాయి. పైది వచ్చింది. తడబాటు లేదు. చెంబులోంచి నీళ్ళు ఒంపినంత తేలిగ్గా వచ్చింది. చివర్లో వాళ్ళ అమ్మమ్మ గొంతు: "అయిందా? ఇంక భోజనానికి రా తల్లీ."

ముందు సంతోషం రాలేదు. అనుమానం వచ్చింది. ఆదివారం స్కూలు హాల్లో పిల్లల కచేరీ. ఆ ముక్క ఎవరు బాగా వాయిస్తే వాళ్ళు ఒంటరిగా పాట మొదలుపెడతారని చెప్పి ఉన్నాను. క్లాసులో ఆ చోట అందరికంటే ఎక్కువ కష్టపడేది ఈ నత్తే. ఇంటి దగ్గర ఎవరో పెద్దవాళ్ళు వాయించి పంపారా?

నేను పాఠాలు చెప్పే గది లాండ్రీ షాపు మీద ఉంటుంది. కింద ఇస్త్రీ ఆవిరి లేస్తుంటే మా నేల వెచ్చగా ఉంటుంది. ఆ సాయంత్రం అందరి ముందూ నత్తని వాయించమన్నాను. చిటికెన వేలు చాచింది. తీగ కీచుమంది.

"నత్త జారింది!" అన్నారెవరో వెనక నుంచి.

"నువ్వు పంపినది ఎవరు వాయించారమ్మా?"

"నేనే టీచర్."

"నిజం చెప్పు."

తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న అమ్మమ్మ లేచింది. "ఏం మాటమ్మా టీచరమ్మా! మా ఇంట్లో వాయించేవాళ్ళు ఇంకెవరున్నారు? నేనా? నాకు మోకాళ్ళు తప్ప ఏమీ మోగవు! తెల్లారి లేస్తే ఇది అదే ముక్క పట్టుకుంటుంది. పక్కింటి కుక్కకి కూడా ఈపాటికి వచ్చేసి ఉంటుంది."

పిల్లలు పగలబడి నవ్వారు. నత్త నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళు, కిందికి జారనివ్వడం లేదు. పాట ఎవరు మొదలుపెడతారన్నది అప్పుడే చిన్న విషయమైపోయింది. ఈ గదిలోంచి ఈ పిల్ల దొంగ అనిపించుకుని బయటికి వెళ్తుందా, లేదా? అది తేల్చే మాట నా నాలుక చివర ఉంది.

ఇంట్లోనూ ఇక్కడా వయొలిన్ ఒకటే, పిల్ల ఒకటే. మరి తేడా ఏమిటి? వెతుక్కుంటూ పోతే చివరికి నేనే తగిలాను.

"లోపలి గదిలోకి వెళ్ళు. తలుపు వేసుకుని, ఫోను పెట్టుకుని, ఇంట్లో వాయించినట్టే వాయించు."

వెళ్ళింది. తలుపు వెనక నుంచి మొదట నా పాఠమే నత్తనడకన వినిపించింది. తర్వాత ఆ పిల్ల వయొలిన్. మెట్లెక్కింది, పైది అందుకుంది. నవ్వులు ఆగిపోయాయి. మళ్ళీ వాయిస్తుండగా తలుపు తీశాను. చెయ్యి మొత్తంగా పైకి జరిగి ఉంది. తీగ మీద ఉంగరపు వేలు.

నన్ను చూడగానే చెయ్యి కిందికి పడిపోయింది. "సారీ టీచర్. కదిపాను."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నా చిటికెన వేలు పొట్టిది. నత్త మీద పెట్టి వింటే అక్కడ మీకు కూడా కష్టంగా ఉన్నట్టనిపించింది. కష్టం లేకుండా ఎలా వస్తుందో వెతికాను."

"మరి క్లాసులో ఎందుకలా వాయించలేదు?"

"మీరు చూస్తుంటారుగా."

నేను లేనప్పుడు నా బదులు పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటుందని ఆ యాప్ పెట్టించాను. అదేమో అడిగినన్నిసార్లు అదే ముక్కని విసుక్కోకుండా వినిపించి, వాళ్ళ వేళ్ళ జోలికి రాకుండా ఊరుకుంది. ఆ ఊరుకోవడంలోనే ఈ పిల్లకి దారి దొరికింది.

నా వయొలిన్ తీసుకున్నాను. చెయ్యి జరిపాను. ఉంగరపు వేలు వేశాను. స్వరం తడబడకుండా వచ్చింది. ఓడిపోయినట్టు ఏమీ అనిపించలేదు. ఎవరో నా చేతిలోంచి బరువైన సంచీ అందుకున్నట్టుంది.

"ఇప్పుడైనా నమ్మారా?" అంది అమ్మమ్మ.

"నమ్మడమేంటమ్మా, నేర్చుకున్నాను. తప్పుగా అనుమానించాను తల్లీ," అన్నాను నత్త వైపు తిరిగి. అందరూ వినేట్టే అన్నాను.

యాప్‌లోంచి నా పాఠం తీసేశాను. కొత్తది నేను వాయించలేదు. నత్త చేత వాయింపించి పెట్టాను.

"అంటే టీచర్, ఇప్పుడు అందరం నత్త వెనకాలేనా?" అన్నారు మిగతా పిల్లలు.

"అవును. జాగ్రత్త, అందుకోలేరు."

ఆదివారం నత్త ఒంటరిగా మొదలుపెట్టింది. మిగతావాళ్ళు కలిశారు. మెట్లు వచ్చాయి. చేతులన్నీ ఒక్కసారి పైకి జరిగాయి. ఒకరిద్దరు స్వరానికి కొంచెం పక్కన పడ్డారు గానీ ఎవరూ ఆగలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డ నాకు, నా చిటికెన వేలు అలవాటు కొద్దీ గాలిలోకి చాచుకోవడం తెలిసింది. పోనీలే అనుకుని వదిలేశాను.

మా ఆయన మోచేత్తో పొడిచారు. "ఆ నవ్వు కాస్త తగ్గించుకో. అందరూ నీ వైపే చూస్తున్నారు."

"చూడనివ్వండి," అన్నాను.