ఎంత వెనక్కి చూడాలి?

తాళాలు బాగుచేసే మనిషి కెమెరాల కొట్టు మెట్లెక్కితే చూసినవాళ్లు ఊరుకోరు. ఇన్నాళ్లూ ఊరందరి తలుపులకూ భరోసా ఇచ్చినవాడికి తన తలుపు మీదే నమ్మకం పోయిందా అని ఆరా తీస్తారు. అందుకే తాళాల మేస్త్రి వీధి పలచబడ్డ వేళ చూసుకుని బయల్దేరాడు. ఆ కొట్టు పరాయివాళ్లదీ కాదు, సొంత బావమరిదిది. చిక్కల్లా అక్కడే ఉంది. బావమరిది చెవిన పడ్డ మాట పొద్దు వాలేలోగా వాళ్లక్క చెవిన పడి తీరుతుంది, ఆ అక్కేమో మేస్త్రి భార్య.

"రా బావా, కూర్చో," అని బావమరిది స్టూలు జరిపాడు. "ఏం పెట్టమంటావ్? డీవీఆరా, ఎన్వీఆరా, క్లౌడా?"

మేస్త్రికి అది చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. బావమరిదికి మాత్రం ఊపొచ్చింది. డీవీఆర్ అయితే ఒక్కో కెమెరా నుంచి రికార్డింగు పెట్టె దాకా లావుపాటి కేబులు లాగాలన్నాడు. ఎన్వీఆర్‌కి ఇంటర్నెట్ తీగ చాలన్నాడు, వైఫై అయితే అదీ అక్కర్లేదన్నాడు. క్లౌడుకి పెట్టే ఉండదట, బొమ్మలన్నీ ఎక్కడో కంపెనీవాళ్ల దగ్గరుంటాయట. కెమెరాలోనే కార్డు పెట్టేది ఇంకొకటుందిట, కాకపోతే దొంగ కెమెరాను పీక్కుపోతే కార్డు కూడా వాడితోనే పోతుందిట.

"అరటిపండు ఒలిచి చేతిలో పెట్టాను, ఇక నువ్వే చెప్పు," అన్నాడు బావమరిది.

మేస్త్రికి తొక్క తప్ప పండు కనబడలేదు.

"పోనీ ఇది చెప్పు. ఎంత వెనక్కి చూడాలి నీకు? డిస్కు నిండితే పాతది చెరిగిపోయి దానిమీదే కొత్తది పడుతుంది. వారం చాలా, నెల కావాలా?"

"ఒక్క పూట చాలదా?"

బావమరిది నవ్వాపుకోలేకపోయాడు. "ఒక్క పూట కోసం ఎవడైనా పెట్టె కొంటాడా? చల్లకొచ్చి ముంత దాస్తే ఎలా బావా. అసలు నువ్వు చూడాలనుకుంటున్నది ఏంటి?"

"దొంగల్ని," అన్నాడు మేస్త్రి. అబద్ధం నోట్లోంచి సాఫీగా వచ్చినందుకు అతనికే ఆశ్చర్యమేసింది. వెనక వీధిలో ఎవరిదో సైకిలు పోయిన మాట నిజమే, ఆ సైకిలు ఇప్పుడు పనికొచ్చింది.

అతను చూడాలనుకున్నది తన చేతుల్ని.

మేస్త్రి కొట్టు ఇంటి ముందు గదే. మధ్యాహ్నం కాగానే షట్టరు దించి, కింది రింగుకు తాళం వేసి, పక్క సందులోంచి ఇంట్లోకి భోజనానికి వస్తాడు. ఈమధ్య సగం భోజనంలో ఉండగా గుండె జల్లుమంటోంది. తాళం వేశానా? ఎంత తవ్వినా గుర్తు రాదు. చెయ్యి కడుక్కుని వెళ్లి చూస్తే తాళం వేసే ఉంటుంది. దెయ్యాలొచ్చి వెయ్యవు కదా, వేసింది తనే అయి ఉండాలి. మరి వేసినట్టు గుర్తెందుకు లేదు? ఆ మధ్య ఒకరి బీరువా తాళంచెవి ఇంకొకరి చేతిలో పెట్టి, వీధి చివరిదాకా పరిగెత్తి తెచ్చుకున్నాడు. తాళాలవాడి బుర్రకే తాళం పడిందని తెలిస్తే ఇక అతని చేతికి తాళంచెవి ఇచ్చేదెవరు? ఆ పని తప్ప అతనికి ఇంకో పని రాదు. తన చెయ్యి తాళం వేస్తుండగా ఒక్కసారి కళ్లారా చూస్తే చాలు, ఇదంతా ఉత్త పరధ్యానమేనని తేలిపోతుంది.

ఇంటికొచ్చేసరికి వార్త అతనికంటే ముందే చేరింది.

"కెమెరాలట?" అంది భార్య. "మనింటికి దొంగలొస్తే, వాళ్లే జాలిపడి ఏదో ఒకటి పెట్టి పోతారు."

"రోజులు బాగోలేవు."

"సరే, పెట్టించండి. రికార్డింగు లేనిది పెట్టించండి. గుమ్మంలో ఎవరున్నారో అప్పటికప్పుడు కనిపిస్తే చాలదూ?"

మేస్త్రి తెల్లబోయాడు. కొత్త మిక్సీ కొన్నప్పుడు దాని రంగేమిటని కూడా అడగని మనిషి. ఈమెకు రికార్డింగు సంగతెందుకు?

"రికార్డింగు లేకపోతే కెమెరా ఎందుకే?"

"జరిగిపోయినవి తవ్వుకోవడం మంచిది కాదు," అని ఆమె గిన్నెలు సర్దడానికి వెళ్లిపోయింది.

మర్నాడు బావమరిది తల గోక్కుంటూ వచ్చాడు. "అక్క రికార్డింగు వద్దంటుంది, నువ్వు కావాలంటావ్. మీ ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఓ పని చేద్దాం. కొట్లో చూపించడానికి పెట్టుకున్న పాత పెట్టె ఉంది, దాన్ని కొన్నాళ్లు మీ టీవీకి తగిలిస్తా, అక్కతో రికార్డింగు లేదనే చెబుతా. నచ్చితే ఉంచుకో, లేకపోతే పట్టుకుపోతా." నిచ్చెనెక్కి కెమెరాను షట్టరు వైపు తిప్పుతూ, "ఎన్ని పెట్టినా ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడనుకో," అని తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు.

రెండు మధ్యాహ్నాలు గడిచాయి. రెండు రోజులూ మేస్త్రి తాళం వేసిందీ లేనిదీ మర్చిపోయాడు, భోజనం మధ్యలో లేచాడు, వెళ్లి చూస్తే తాళం వేసే ఉంది. ఆ సాయంత్రం భార్య సరుకులకు బజారుకెళ్లగానే టీవీ ముందు కూర్చున్నాడు. రిమోటులో ఏది నొక్కితే ఏమవుతుందో తెలియక చాలాసేపు ఖాళీ వీధిని చూశాడు, తర్వాత ఓ పిల్లి వెనక్కి నడవడం చూశాడు. చివరికి మధ్యాహ్నం దొరికింది.

తెర మీద తను షట్టరు దించాడు. షట్టరు పక్కనున్న స్టూలు మీది తాళం తీశాడు. దాన్ని చేతిలో పెట్టుకుని, అదేం వస్తువో ఎవరైనా చెబుతారేమో అన్నట్టు అలా నిలబడ్డాడు. మళ్లీ స్టూలు మీదే పెట్టేసి సందులోకి వెళ్లిపోయాడు.

మరైతే తాళం వేసిందెవరు?

కాసేపటికి సందులోంచి భార్య వచ్చింది. తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంది. తాళం రింగులో పెట్టి నొక్కింది. రెండుసార్లు లాగి చూసింది. తాళం కొన్న ప్రతివాడికీ మేస్త్రి చెప్పే మాట అదే, వేశాక రెండుసార్లు లాగి చూడాలని. అటూ ఇటూ చూసి గబగబా లోపలికి వెళ్లిపోయింది. ముందురోజుది పెట్టినా అదే కనిపించింది. అతను కుర్చీలో కూర్చోగానే, "పైన బట్టలు తీసొస్తా," అంటూ ఆమె రోజూ వెళ్లడం అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్నది ఇద్దరు, రోజూ అన్ని బట్టలెక్కడివని అతనెప్పుడూ అనుకోలేదు.

అతనికి భయమేసింది, సిగ్గేసింది. ఆ రెండింటికీ మించి, ఇన్నాళ్లూ ఈ బరువును ఒక్కతే మోసిందే అని ఏడుపొచ్చింది. ఆమె రికార్డింగు ఎందుకు వద్దందో ఇప్పుడు అర్థమైంది. అర్థం కానిది, తనిప్పుడు ఏం చెయ్యాలన్నదే. చూశానని చెబితే, అంత జాగ్రత్తగా ఆమె దాచింది పాడవుతుంది. చెప్పకపోతే ఇంకెన్నాళ్లు బట్టలు తీస్తుంది?

మర్నాడు పెట్టెను సంచిలో పెట్టుకుని బావమరిది కొట్టుకు వెళ్లాడు.

"దీన్ని నువ్వే ఉంచుకో. రికార్డింగు లేనిది పెట్టు."

"అదేంటి బావా, వెనక్కి చూడాలన్నావుగా?"

"చూశాను. ఇక చాలు. ఇప్పుడు జరిగేది కనిపిస్తే చాలు. తెర మాత్రం వంటింట్లో మీ అక్క నిలబడే చోట పెట్టు, షట్టరు కింద రింగు కనపడేలా."

బావమరిదికి ఏం అర్థమైందో గాని, అరలోంచి చిన్న తెర ఒకటి తీసి దుమ్ము తుడిచాడు.

తెర బిగించిన రోజు మధ్యాహ్నం మేస్త్రి గట్టిగానే అనుకున్నాడు, ఇవాళ తాళం వెయ్యాలి, రెండుసార్లు లాగాలి. షట్టరు దించాడు. ఎవరో పలకరిస్తే బదులు చెప్పాడు. లోపలికొచ్చి కూర్చున్నాడు. భార్య వడ్డిస్తూ తెర వైపు ఓ చూపు చూసి, గరిటె కింద పెట్టింది.

"పైన బట్టలు..." అని బయటికి నడిచింది.

ఆమె తిరిగి వచ్చేదాకా అతను ముద్ద నోట్లో పెట్టలేదు. తాళం కావాలని వదిలేశాడో, నిజంగానే మరిచిపోయాడో ఎంత ఆలోచించినా అతనికే తేలలేదు. నడుముకున్న తాళాల గుత్తి తీసి ఆమె కంచం పక్కన పెట్టాడు.

ఆమె వచ్చి గుత్తిని చూసింది, అతన్ని చూసింది.

"లాగి చూశావా?" అని అడిగాడు మేస్త్రి.

ఆమె గరిటె అందుకుని, మళ్లీ కింద పెట్టేసింది.

"రెండుసార్లు," అంది.