కొత్త బట్టకు పసుపు

దుబాయ్‌లో తాను ఉండే సత్వా నుంచి నడిచి జుమేరా విల్లాకు వచ్చి, గిన్నెలు తోమి, ఆ వెంటనే గ్యారేజీలోకి పోవడం కిష్టవ్వకు అలవాటు. ఆ గ్యారేజీలో కారు ఉండదు. జర్మన్ మేడం ఉర్సులా అక్కడ స్క్రీన్ ప్రింటింగ్ చేస్తుంది. చెక్క చట్రానికి సన్నని బట్ట బిగించి, కింద కాగితం పెట్టి, రబ్బరు పట్టీతో లాగితే రంగు బట్టలోంచి కాగితం మీదికి దిగుతుంది. సిరిసిల్లలో మగ్గాల మధ్య పుట్టిన కిష్టవ్వకు ఆ బట్ట బిగింపు చూస్తే చేతులు ఊరుకోలేదు. చట్రాలు కడగడంతో మొదలై, ఏడాది తిరిగేసరికి పట్టీ లాగడం దాకా వచ్చింది.

మేడం బొమ్మల్లో మనుషులుండరు, పూలుండవు. ఒక నలుచదరం, దాన్ని ఒరుసుకుంటూ ఒక అడ్డపట్టీ, అంతే. ముందు అన్ని రంగులూ పెట్టుకుంటుంది, తర్వాత ఒక్కొక్కటే తీసేస్తుంది. ఇప్పుడు వేస్తున్న బొమ్మలోంచి పసుపు రంగు తీసేయడానికి ఎండాకాలమంతా పట్టింది. ఎరుపూ నీలమూ మిగిలాయి, చుట్టూ తెలుపు.

"ఇట్ల తీసుకుంటా పోతే ఉట్టి కాగితమే మిగుల్తాదక్కా" అని కడప డ్రైవర్ మీరా హుస్సేన్ నవ్వేవాడు.

హోటల్లో మేడం బొమ్మల ప్రదర్శన దగ్గర పడింది. మేడం జర్మనీ నుంచి వచ్చిన చివరి బట్ట బిగించి, రేపు అచ్చు వేద్దామని లోపలికి పోయింది. పసుపు పెట్టకుండా కొత్త బట్ట వాడడం కిష్టవ్వ పుట్టింట్లో లేదు, అత్తింట్లో లేదు. చిటికెడు పసుపు తడిపి, బట్ట నాలుగు మూలలా అద్ది, దండం పెట్టుకుని ఇంటికి పోయింది.

మర్నాడు రంగులో కలిపిన నూనె తగలగానే పసుపు కరిగింది. కాగితం తెల్లటి మూలల్లో నాలుగు మరకలు. మేడం బట్ట తుడిచి మళ్లీ లాగింది. మళ్లీ మరకలే.

"ఏమిటిది?" అంది, ఇద్దరికీ వచ్చిన అరకొర హిందీలో.

"కొత్త బట్ట గదా మేడం. పసుపు పెట్టిన."

మేడం అరవలేదు. స్టూలు మీద కూలబడింది. "యుద్ధం అయ్యాక మా ఊరంతా కూలిన గోడలే కిష్టవ్వా. ఆ కుప్పల మధ్యనే పెరిగాను. అక్కర్లేనిది ఒక్కటి కనబడినా నాకు ఊపిరాడదు. ప్రదర్శన వద్దని చెప్పేస్తాను. నువ్వు రేపట్నుంచి వంటింట్లోనే ఉండు."

కిష్టవ్వ చట్రం ఎత్తుకుని పెరట్లోకి పోయింది. కంగారులో సబ్బు రుద్దింది. మరకలు ఎర్రగా తిరిగాయి.

"పసుపు పాయ, కుంకుమొచ్చె! ఇంక గాజులు తొడిగితే పేరంటమే" అన్నాడు మీరా హుస్సేన్.

"నోర్ముయ్ తమ్మీ. ఎండ ఎక్కడ మంచిగుంది, గది చెప్పు."

"దుబాయ్‌లో ఎండ ఎక్కడుందని అడిగిన మనిషివి నువ్వొక్కదానివే!"

సబ్బు పోయేదాకా నీళ్లు పోసి, చట్రాన్ని డాబా మీదికి మోసుకుపోయింది. పసుపు ఎండకు తప్ప దేనికీ లొంగదు. కానీ గాలి లేచింది, ఇసుక రేగుతోంది. ఇసుక పడితే బట్ట కన్నాలు మూసుకుపోతాయి. కొంగు విప్పి గాలికి అడ్డంగా పట్టుకుని నిలబడింది. ఎండకు మాత్రం దారి వదిలింది.

"వడదెబ్బ తగుల్తాది, కిందికి రాక్కా!"

"నేను కిందికొస్తే వంటింట్లకే పోవాలె. రాను."

పెదవులు ఎండిపోయాయి, కాళ్లు మాడాయి. పొద్దు వాలి అసర్ నమాజు పిలుపు వినిపించే వేళకు మేడం పైకి వచ్చింది. చట్రం ఎత్తి ఆకాశానికేసి పట్టి చూసింది. నాలుగు మూలలూ తెల్లగా ఉన్నాయి.

"ఇంతసేపూ నిలబడే ఉన్నావా?"

"రేపు పట్టీ లాగేది నేనే మేడం. వంటింటికి ఇంకెవరినన్న వెట్టుకో."

మేడం ఆమె మొహంలోకి చూసింది. "కొత్త బట్ట వస్తే మళ్లీ పసుపు పెడతావా?"

పెట్టనంటే సరిపోయేది. కిష్టవ్వ అబద్ధమాడలేదు. "వెడ్త. బట్టకు కాదు. చట్రం కర్రకు, బయటి దిక్కు."

"నాలుగు మూలలా?"

కిష్టవ్వ చట్రం మూలలు ఒక్కొక్కటే చూసింది. ఏ మూల వదలాలో తేలడం లేదు.

"ఒక్కటి సాలు" అంది చివరికి.

మేడం చట్రం ఆమె చేతికే ఇచ్చి, కింద గ్యారేజీకి దారి చూపింది.

తెల్లారి కిష్టవ్వ కర్రకు బయటివైపు ఒక్క చుక్క పెట్టింది. సబ్బు నురగలో ఎరుపు పోయేదాకా చేతులు కడుక్కుని, తుడుచుకుని, పట్టీని రెండు చేతులా పట్టుకుని లాగింది. మేడం చట్రం ఎత్తింది. ఎరుపు, నీలం, తెలుపు.

"ఇంకో కాయిదం వెట్టు మేడం" అంది కిష్టవ్వ.