రెండిళ్ళ బీన్స్

మూడువందల పన్నెండో డబ్బా. నెవిల్ మీట నొక్కాడు. లారీ పక్కనుంచి ఇనుప చెయ్యి సాగి, చెత్తడబ్బా నడుము పట్టుకుని, గాల్లోకి ఎత్తి, గుమ్మరించి, మళ్ళీ రోడ్డువార నిలబెట్టింది. ఏడు సెకన్లు. రోజూ అయితే తొమ్మిది పడుతుంది.

"నెవ్, ఏంటా దూకుడు?" వైర్‌లెస్‌లో షారన్ గొంతు ఖంగుమంది. ఆఫీసులో కూర్చుని లారీలన్నిటినీ తెరమీద కనిపెట్టి ఉండడం ఆమె పని. "బర్నీ ఊరికేమైనా నిప్పంటుకుందా?"

"పన్నెండుకల్లా ఇంట్లో ఉండాలి. ఆవిడొస్తోంది."

"ఇవాళేనా!" క్షణం ఆగి షారన్ అంది. "అయితే స్నానం చేసి చావు. ఆ కంపుతో ముందు కూర్చున్నావో, ముసలమ్మ పిల్లతోపాటు ముక్కు కూడా పట్టుకుని పోతుంది."

నెవిల్ పెద్దగా నవ్వి గేరు మార్చాడు. యాభై ఏడేళ్ళ మనిషి. డబ్బాలు కనబడాలని ఈ లారీకి స్టీరింగ్ ఎడమవైపే ఉంటుంది; ముప్పై ఒక్క ఏళ్ళుగా కిటికీ పక్కన ఉన్న ఎడమచెయ్యి ఎండకు కమిలి ఇటుక రంగు తేలింది. కుడిచెయ్యి మాత్రం పాలలా ఉంటుంది. కడుపు స్టీరింగ్‌కు తగలకుండా సీటును చివరిదాకా జరిపి కూర్చుంటాడు. ఎడమవైపు సముద్రం మెరుస్తోంది. ఇవాళ దాన్ని చూసే తీరిక లేదు.

ఇండీకి ఏడేళ్ళు. తల్లి చనిపోయింది, తండ్రి ఎవరో తెలియదు. అమ్మమ్మ లొరేన్‌కు రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లయి ఆమె కోలుకునేదాకా, పధ్నాలుగు నెలలపాటు పిల్లను సంక్షేమశాఖ తరఫున నెవిల్, అతనితో కలిసి ఉండే ట్రెవర్ సాకారు. ఇప్పుడావిడ లేచి తిరుగుతోంది. ఇవాళ మనవరాలిని తీసుకుపోతుంది. అందుకు నెవిల్‌కు సంతోషమే. పిల్ల వారం రోజులుగా అమ్మమ్మ కోళ్ళకు పేర్లు పెడుతూ మంచం మీద ఎగురుతోంది.

కానీ సంక్షేమశాఖ అమ్మాయి ఫోన్లో ఒక మాట చెప్పింది. పిల్లను తీసుకెళ్ళాక రాకపోకలు వద్దని లొరేన్ అంటోందట. "ఇద్దరు మగవాళ్ళ ఇల్లు. వాళ్ళ విలువలు వేరు, మా కుటుంబం విలువలు వేరు" అందట. చట్టం ఆవిడ పక్షమే. ఆవిడ మనసు మార్చడానికి నెవిల్ చేతిలో ఉన్నది ఇవాళ్టి ఒక్క పూట భోజనం.

విలువలు! తన వీధిలోకి తిరిగి పాస్టరుగారి డబ్బా ఎత్తాడు. పిజ్జా అట్టలు, కోడి ఎముకలు, పుట్టినరోజు బెలూన్లు. తర్వాతిది తన ఇంటి డబ్బా. అవే అట్టలు, అవే ఎముకలు. ట్రెవర్‌తో కాపురం పెట్టి ఇరవై తొమ్మిదేళ్ళు. మొదట్లో ఈ దీవిలో అది జైలుకు పంపే నేరం. చట్టం మారాక కూడా చాలాకాలం ఇరుగుపొరుగుకు అద్దె పంచుకునే స్నేహితులమనే చెప్పుకున్నారు. రెండు మంచాలు కొన్నారు. ఒకటి పదేళ్ళపాటు దుమ్ము కొట్టుకుంది.

పదకొండూ పది. ఆఖరి డబ్బా. హారన్ మూడుసార్లు మోగించాడు.

పన్నెండుకు సబ్బు వాసనతో, తడితలతో తలుపు తీశాడు. లొరేన్ బక్కపలచని మనిషి. గుండీలన్నీ పెట్టుకున్న ఊదారంగు స్వెట్టరు. చేతిలో గాజుగిన్నె నిండా ట్యూనా చేప కలిపి కాల్చిన మాకరోనీ.

"వట్టిచేతులతో రావడం నాకలవాటు లేదు" అని గిన్నె అందించింది. మొహంలో నవ్వు లేదు.

వంటింట్లో ట్రెవర్ అప్పటికే మూడోసారి బల్ల తుడుస్తున్నాడు. అందరూ కూర్చున్నారు. లొరేన్ చేతులు జోడించగానే ఇద్దరూ తలలు వంచారు. ప్రార్థన ముగిసిందో లేదో ఇండీ బల్ల మీద కొట్టింది.

"ఇప్పుడు మంచిమాట! ఇవాళ జరిగిన మంచి ఒకటి చెప్పందే ఎవరూ తినకూడదమ్మమ్మా. నెవ్ పెట్టిన రూలు."

"బల్ల మీద మోచేతులు తియ్యి" అంది లొరేన్.

"అదీ నెవ్ రూలే!"

లొరేన్ చటుక్కున తలెత్తింది. నెవిల్ చూపు తిప్పేసుకున్నాడు.

మంచిమాటల వంతు ఆవిడ దగ్గర ఆగింది. ఇండీ చేతిని తన అరచేతిలోకి తీసుకుని చూసింది.

"గోళ్ళు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి" అంది. "అదే నా మంచిమాట."

ట్రెవర్ గభాలున లేచి నీళ్ళకోసం వెళ్ళాడు. జగ్గు నిండుగానే ఉంది.

ఇండీ మాకరోనీ అంతా ఊడ్చేసి, ట్రెవర్ ఉడికించిన బీన్స్‌ను మెల్లగా పళ్ళెం అంచుకు నెట్టింది. కుర్చీ దిగబోయింది.

"రెండు ముక్కలైనా తినాలి!"

మూడు గొంతులు. ఒకే క్షణం. ఒకే మాట.

ఇండీ ముగ్గురినీ మార్చి మార్చి చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది. "ఛీ! అక్కడా ఇదేనా? ఇంక నేనెక్కడికి పోను?"

లొరేన్ భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. ట్రెవర్ జగ్గు ఒలకబోశాడు. నెవిల్‌కు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాగలేదు.

ముందుగా తేరుకున్నది ఆవిడే. "నేను మారిపోయాననుకోకండి. అరవై ఏళ్ళు చర్చిలో విన్నది ఒక్క పూటలో పోదు."

"పోనక్కర్లేదండీ" అన్నాడు నెవిల్. "బీన్స్ తినిపించండి చాలు."

ఆవిడ ఫోర్కుతో బీన్స్‌ను మళ్ళీ ఇండీ పళ్ళెం మధ్యకు లాగింది.

రెండింటికి సామాను కారెక్కింది. ఇండీ నెవిల్ మెడకు వేలాడి, ట్రెవర్ చెవిలో ఏదో గుసగుసలాడి, కోళ్ళ పేర్లు గట్టిగా పాడుకుంటూ వెనక సీట్లో దూరింది. ఏడుపుల్లేవు. లొరేన్ పిల్లకు సీటుబెల్టు పెట్టసాగింది.

వంటింట్లోకి వెళ్ళిన నెవిల్‌కు అప్పుడు కనబడింది, గిన్నెలు కడిగే తొట్టిలో ఆవిడ గాజుగిన్నె. గబగబా తోమి, కారు స్టార్టయిన చప్పుడు విని, సబ్బునురుగు కారుతుండగానే వీధిలోకి పరుగెత్తాడు.

"గిన్నె! గిన్నె మరిచిపోయారండీ!"

లొరేన్ కిటికీ అద్దం దించింది. గిన్నె వంకా, అతని వంకా చూసింది.

"ఖాళీ గిన్నె ఇస్తావేంటయ్యా? మీ ఇంట్లో అదేం పద్ధతి?" కసురుకుంది. "శనివారం ఇందులో ఏదైనా వండి మా ఇంటికి పట్టుకురండి. ఇద్దరూ."

అద్దం పైకి లేచింది. కారు మలుపు తిరిగి సముద్రం వైపు సాగిపోయింది. నెవిల్ రోడ్డు మధ్యలోనే నిలబడ్డాడు. చేతుల్లో తడిగిన్నె. దాని అడుగున అంటించిన తెల్లటి టేపు మీద, నీలం సిరాతో, గుండ్రటి పెద్ద అక్షరాల్లో ఆవిడ పేరు, ఇంటి నంబరు.