ఎల్బీ నగర్ నుంచి నీలవేణి

విజయదుర్గ పడవ కొన్నదంటే కాలనీలో మొదట ఎవరూ నమ్మలేదు. ఎల్బీ నగర్‌లో పడవతో ఏం పని? లారీ వచ్చి, రంగు వెలిసిన పాత పడవను ఆమె ఇంటి పక్క ఖాళీ స్థలంలో దించాక మాత్రం చీకటి పడేదాకా జనం వచ్చి చూస్తూనే ఉన్నారు.

ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. సొంత ఊరు కాకినాడ. చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ నేవీ విభాగంలో తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. పెళ్లయి, భర్త పట్టాభి బ్యాంకు ఉద్యోగం వల్ల హైదరాబాదు వచ్చి స్థిరపడినా, సొంత పడవ ఉండాలన్న కోరిక చావలేదు. ఎవరో విదేశీ ఇంజనీరు వదిలేసి వెళ్లిన పడవ కాకినాడ రేవులో ఒక షెడ్డు పక్కన ఎండకు ఎండి వానకు తడుస్తోందని తెలియగానే వెళ్లి చూసింది. ఇద్దరు పడుకునే చిన్న గది, ఓ మూల స్టవ్. దూరప్రయాణాల కోసం చేసిన పడవ. పేరు తుడిచిపెట్టుకుపోయింది. నీలవేణి అని తనే పెట్టుకుంది.

"అక్కడే బాగు చేయించకపోయావా దుర్గా?" అన్నాడు పట్టాభి.

"చేయించడానికి కొనలేదండీ. చేసుకోవడానికి కొన్నాను."

అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ ఆదివారం మలక్‌పేట వెళ్లి పెద్ద టార్పాలిన్ తెచ్చి పడవ మీద తనే కట్టాడు.

పడవతో వచ్చిన తెరచాప చీలికలు పేలికలుగా ఉంది. దాన్ని ఆటోలో వేసుకుని కృష్ణకుమారి దుకాణానికి వెళ్లింది. కృష్ణకుమారి వాళ్లది పోచంపల్లి దగ్గర నేతపని చేసిన కుటుంబం. భర్త ఆనందం ఆర్టీసీ కండక్టరు. ఆమె ఎల్బీ నగర్‌లో పర్దాలు, సోఫా కవర్లు కుట్టే దుకాణం నడిపేది. గుడ్డను నేల మీద పరిచి చుట్టూ తిరిగింది.

"గింత పెద్ద పర్దా ఎవరింటికి మేడం?"

"ఇంటికి కాదు. పడవకి."

"నడుమ కడుపు లెక్క ఉబ్బున్నది. కుట్టు తప్పినట్టున్నది కదా?"

"తప్పు కాదమ్మా, కావాలనే అలా కుడతారు. ఆ ఉబ్బుని ఆనుకుని గాలి పారుతుంది. పడవని లాగేది అదే." విజయదుర్గ సుద్దముక్క అడిగి తీసుకుని గచ్చు మీద బొమ్మ గీసింది.

కృష్ణకుమారి ఆ బొమ్మను చాలాసేపు చూసింది. పాత తెరచాప విప్పి, దాని కొలతలతో కొత్తది కుడతానంది. ఆ తర్వాత, కుట్టేదాన్ని ఎక్కడ కడతారో చూడాలని పడవ దగ్గరికి వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు ఉప్పుకాగితం అందుకుని రంగు గీకడం మొదలుపెట్టింది. మేడం పోయి అక్క అయింది.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. బంద్ అంటే కాలేజీ ఉండదు, దుకాణం షట్టర్ లేవదు. ఆ రోజులన్నీ పడవ పనికి వచ్చాయి. అలాంటి ఒక బంద్ రోజునే, పడవకు చెరోపక్క కూర్చుని గీకుతుండగా కృష్ణకుమారి అడిగింది.

"అక్కా, మా రాష్ట్రం మాకు ఒస్తే మీకేం నష్టం?"

"నష్టమని కాదు. పిల్లల్ని ఇక్కడే పెంచాను. రేపు ఎవరైనా పొమ్మంటే ఎక్కడికి పోతాను?"

"ఎవలు పొమ్మంటరు? నేనంటనా?"

"నువ్వనవు. అందరూ నీలాగే ఉంటారని నువ్వు చెప్పగలవా?"

"మా కొలువులల్ల మీవోళ్లు చేరవట్టి మా ఆయనకు ఉద్యోగం ఎన్నేండ్లకు ఒచ్చిందో మీకు ఎరికనే గద. అందరూ మీ లెక్కనే ఉన్నరా మరి?"

విజయదుర్గ ఉప్పుకాగితం మడత మార్చుకుంది. చీకటి పడేదాకా ఎవరి పక్క వారు గీకుతూనే ఉన్నారు. మర్నాడు కృష్ణకుమారి దుమ్ము ముక్కులోకి పోకుండా ఇద్దరికీ గుడ్డ మాస్కులు కుట్టి తెచ్చింది.

నీలవేణి తయారయ్యాక, కాకినాడకు తనూ వస్తానంది కృష్ణకుమారి. ఆమె అత్త మల్లమ్మ మగ్గం మీద బతికిన మనిషి. తెరచాప కుట్లన్నీ వేళ్లతో తడిమి చూసి, "పో బిడ్డా. నీ పని గాలికెట్ల నిలుస్తదో నువ్వే చూసుకో," అంది.

లారీ బయల్దేరిన రోజునే ఎల్బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ముందు నిలబడి నడిపిస్తున్నవాళ్లలో ఆనందం ఉన్నాడు. లారీని చూసి దగ్గరికి వచ్చాడు. అతని మొహం ఇబ్బందిగా ఉంది.

"మేడం, గీ ఒక్క లారీని ఇడిస్తే రేపు నా మాట ఎవడూ వినడు."

"వదలమని నేనడగలేదుగా ఆనందం గారూ. అందరితోపాటే వెళ్తాం."

లారీ అక్కడే ఆగింది. జనం చుట్టూ మూగారు. ఒకతను "ఆంధ్రోళ్ల షోకు సూడుర్రి," అన్నాడు. కృష్ణకుమారి లారీ మీద నుంచే అతని వైపు తిరిగింది.

"తెరచాప నేను కుట్టిన. గీ పక్క రంగంత నేను గీకిన. లోపల పలకలు మేమిద్దరం కలిసి బిగించినం. నడిపేది ఈ అక్క. ఇంకేమన్న అడిగేదున్నదా?"

అతను తగ్గాడు. "గాలితోనే నడుస్తదా అక్కా? డీజిల్ అక్కర్లే?" అని వేరే ఒకరు అడిగారు. విజయదుర్గ క్లాసులో చెప్పినట్టు విడమరిచి చెప్పింది. మధ్యాహ్నం అందరితో కలిసి రోడ్డు మీదే కూర్చుని విస్తట్లో అన్నం తిన్నారు. పొద్దు వాలాక దారి ఇచ్చారు. బాటసింగారం దాటేదాకా కృష్ణకుమారి వెనక్కి తిరిగి పడవను చూస్తూనే ఉంది.

కాకినాడలో క్రేన్‌తో నీళ్లలోకి దించినప్పుడు నీలవేణి కాస్త ఊగి, నిటారుగా నిలబడింది. లోపల చుక్క నీరు లేదు. సముద్రాన్ని మొదటిసారి చూసిన కృష్ణకుమారి సాధనకి పడవ ఎక్కిన ప్రతిసారీ మొదట్లో వాంతులు చేసుకుంది. మానుకొమ్మంటే ఒప్పుకోలేదు. తాళ్లు లాగడం, చుక్కాని పట్టడం వచ్చాక ఇద్దరూ విశాఖపట్నానికి బయల్దేరారు.

పైరగాలి వెనక నుంచి చక్కగా తోసింది. రాత్రి వంతులు వేసుకుని నడిపారు. తెల్లవారాక డాల్ఫిన్ నోస్ కొండ కనిపించింది. గాలి కూడా హెచ్చింది. తెరచాప తగ్గించడానికి విజయదుర్గ ముందుకు వెళ్లింది. చుక్కాని దగ్గర ఉన్న కృష్ణకుమారి కొండను చూస్తూ అటు కొంచెం ఎక్కువ తిప్పింది. గాలి తెరచాప అవతలి పక్కన పట్టింది. తెరచాప అడుగున కట్టిన పొడవాటి కొయ్య ఒక్కసారిగా ఇటు నుంచి అటు విసురుగా తిరిగి విజయదుర్గ భుజాన్ని కొట్టింది. ఆమె కూలబడింది. పడవ ఒరిగింది.

కృష్ణకుమారి చుక్కానిని వెనక్కి తిప్పింది. కొయ్య మళ్లీ దడాలున యథాస్థానానికి వచ్చింది. విజయదుర్గ పాకుతూ వెనక్కి చేరింది. కుడిచెయ్యి లేవడం లేదు.

"నా వల్లనే అయింది అక్కా."

"అయిందేదో అయింది. ఇక నువ్వే నడపాలి. గాలి నీ కుడిచెవి వెనక తగులుతోందా?"

"తగులుతున్నది."

"హార్బర్‌లోకి మళ్లేటప్పుడు ఆ కొయ్య మళ్లీ అటు తిరగాల్సిందే. ఈసారి మనం తిప్పుదాం. ముందు తాడు లాగి తెరచాపని నడిమికి తే. ఆ తర్వాతే చుక్కాని. తొందరపడకు."

అలల హోరులో, అలలకు అడ్డంగా కట్టిన హార్బర్ గోడల మధ్య దారి దగ్గరపడుతోంది. కృష్ణకుమారి చుక్కానిని మోకాలితో అదిమి, రెండు చేతులా తాడు లాగింది. తెరచాప పూర్తిగా లోపలికి వచ్చాక చుక్కాని తిప్పింది. కొయ్య జానెడు దూరం జరిగి, అవతలి పక్కన మెత్తగా ఆగింది. అప్పుడు తాడు కొద్దికొద్దిగా వదిలింది. కుట్లన్నీ బిగుసుకున్నాయి. ఒక్క పోగు కూడా జారలేదు. నీలవేణి హార్బర్‌లోకి మళ్లింది.

ముందే రైల్లో వచ్చిన పట్టాభి గట్టు మీద నిలబడి ఉన్నాడు. భార్య చెయ్యి చూసి కంగారుపడ్డాడు. ఎముక విరగలేదని, వాపేనని డాక్టరు చెప్పాకే అతను కుదుటపడ్డాడు.

కట్టు కట్టించుకుని తిరిగొచ్చేసరికి పక్క మరపడవ నడిపే సరంగు జోగారావు తెరచాపను పట్టి చూస్తున్నాడు. "కుట్టు బాగుందమ్మా. ఏ ఊళ్లో కుట్టించారు?"

"నేనే కుట్టిన," అంది కృష్ణకుమారి, తాడు చుట్టచుడుతూ తల ఎత్తకుండానే.

"కుట్టడమే కాదు. గోడలు దాటించి లోపలికి తెచ్చింది కూడా తనే," అంది విజయదుర్గ. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు కాలేజీలో ర్యాంకులు చదివే రోజున కూడా లేనంత పెద్దగా వచ్చింది. చుట్టుపక్కల పడవల వాళ్లు పని ఆపి ఇటు చూశారు.

కృష్ణకుమారి మొహం ఎర్రబడింది. కొంగుతో చెమట తుడుచుకుని, ఫోన్ తీసి ఆనందానికి కలిపింది. "ఆ, చేరినం. మంచిగనే ఉన్నం. లే, అప్పుడే ఇంటికి ఒస్తలేము. అక్క చెయ్యి నయం కాంగనే భీమిలి పోయి ఒస్తం," అంది.