మేకు కొట్టుకోవచ్చా అండీ

ఇనుప కడ్డీ కొనతో మూత ఎత్తి, మోకాళ్ల మీద వంగి, గుడ్డతో అద్దం తుడిచి, అంకెలు చదివి పుస్తకంలో రాసుకున్నాడు మీటరాయన. ఆ ఉదయం అది ముప్పై నాలుగో మూత. నగరం చివర, బస్సు వెనక్కి తిరిగే చోట ఉన్న ఈ పాతపేటలో ఇరవై రెండేళ్లుగా అతను చదవని నీళ్ల మీటరు లేదు. ఏ ఇంట్లో చుట్టాలు దిగారో, ఎక్కడ పసిబిడ్డ పుట్టిందో, ఏ ఇల్లాలు అలిగి పుట్టింటికి పోయిందో ఆ అంకెలే చెప్పేసేవి. అన్ని ఇళ్ల గుట్టూ తెలిసిన ఆ మనిషి ఒక్క ఇంటి గడపా దాటి ఎరగడు. ఎవరైనా లోపలికి రమ్మంటే, "బూట్లకి బురదండీ" అని గేటు దగ్గరే నిలబడిపోయేవాడు.

సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నేలకేసి చూసీ చూసీ మెడ కాస్త ముందుకు వంగింది. ప్యాంటు కుడి మోకాలి దగ్గర భార్య వేసిన మాసిక ఉంది. ఆ మాసిక కూడా అరిగితే దాని మీద ఇంకోటి వేసింది.

పేటలోని ఇళ్లన్నీ ఒకప్పుడు మిల్లు పనివాళ్ల కోసం కట్టినవి. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చారెడు పెరడు. కొత్త కాలనీల వాళ్లు వీటిని చూసి మూతి విరుస్తారు. విరవబట్టే ఇవి మీటరాయనలాంటి వాళ్లకు అందుబాటులో ఉన్నాయి. అతనున్న అద్దె ఇంటి యజమాని నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు. అది వాళ్లకు ఎనిమిదో అద్దె ఇల్లు.

పదకొండో నంబరు ఇల్లు టైపమ్మది. ముప్పై ఏళ్లు కోర్టులో టైపు కొట్టి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు, చేసుకోనందుకు విచారించనూ లేదు. ఒక వానాకాలంలో మీటరాయన పెన్ను తడిసి మొరాయిస్తే, గేటు ఊచకు దారంతో ఓ పెన్సిలు ముక్క కట్టింది. అది అరిగినప్పుడల్లా ఇంకోటి కట్టేది. ఇన్నేళ్లలో వాళ్ల మధ్య నడిచిన స్నేహమంతా ఆ పెన్సిలుతోనే. ఇప్పుడామె మోకాళ్లు మొండికేశాయి. ఇల్లమ్మేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. కొనుక్కుంటామని మీటరాయన అడిగి ఉన్నాడు. ఇల్లు కూలగొట్టి గోడౌను కట్టుకుంటానని ఇంకొకాయన కూడా తిరుగుతున్నాడు.

"నాలుగింటికి మీ ఆవిణ్ణి తీసుకురా, నాయనా. రేపు పొద్దున ఎవరికో ఒకరికి మాటిచ్చేస్తాను" అంది గేటులోంచి.

నాలుగు కాకముందే వచ్చారు. భార్య బట్టల దుకాణంలో కాజాలు కుట్టే మనిషి. ఇస్త్రీ చీర కట్టుకుని, పిల్ల నిద్రపోతున్న ఇంట్లో నడిచినట్టు గది గదికీ అడుగులో అడుగేస్తూ తిరిగింది. నడిమి గదిలో ఖాళీ గోడ ముందు ఆగింది.

"ఇక్కడ గడియారానికి ఒక మేకు కొట్టుకోవచ్చా అండీ?"

టైపమ్మ తెల్లబోయింది. "కొనుక్కునే ఇంటికి నన్నడుగుతావేంటే అమ్మాయ్!"

భార్య నాలిక కరుచుకుంది. ఎనిమిది ఇళ్ల యజమానులూ తాళం చేతికిస్తూ చెప్పిన మొదటి మాట, గోడకు మేకులు కొట్టొద్దని. పెళ్లికొచ్చిన గోడ గడియారం పంతొమ్మిదేళ్లుగా బీరువా మీద పడుకునే ఉంది. టైము చూడాలంటే స్టూలెక్కాలి.

"ఇంతకీ ఈయనేరీ?" అని బయటకొచ్చి చూస్తే, భర్త కొళాయిలన్నీ కట్టేసి మీటరు ముందు చతికిలబడి ఉన్నాడు.

"ఇల్లు చూడమంటే మీటరు చూస్తారేంటండీ? పొద్దున చూసింది చాల్లేదా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!"

కొళాయిలన్నీ కట్టేసినా మీటరులోని చిన్న ఎర్ర చక్రం నెమ్మదిగా తిరుగుతోంది. అతను బూట్లు విప్పి, కడ్డీ పట్టుకుని మొదటిసారిగా ఆ గడప దాటాడు. వంటింట్లో కడ్డీ ఒక కొన బండల మీద ఆనించి, రెండో కొనకు చెవి పెట్టి, ఒక్కో బండ దగ్గరా విన్నాడు.

"ఇక్కడండీ అమ్మగారూ. ఈ బండ కింద గొట్టం కారుతోంది."

టైపమ్మ మొహం బిగుసుకుంది. "బేరం తగ్గించడానికా ఈ నాటకం?"

చేతికొచ్చిన ఇల్లు ఒక్క మాటతో పోగొట్టుకున్నామనే అనుకుంది భార్య.

"కాదండీ. మూడు నెలలుగా అంకె మీ వాడకానికి మించి పెరుగుతోంది. చూశాను. చెప్పలేదు."

"ఏం?"

"ఇల్లమ్ముతున్నారని తెలిశాక దీని మీద మనసు పడింది. వంక చెబితే మీరు ఇలాగే అనుకుంటారని నోరు కట్టేసుకున్నాను. పొద్దున మీ పెన్సిలుతోనే ఆ అంకె రాస్తుంటే చెయ్యాడలేదండీ. మాకిచ్చినా ఇవ్వకపోయినా, రేపొచ్చి నేనే బాగుచేసి పోతాను."

భార్యకు ఆ క్షణంలో భర్త మీద ఎంత కోపం వచ్చిందో అంత ప్రేమా వచ్చింది.

"ఆ గోడౌనాయన టేపు పెట్టి స్థలం కొలుచుకు పోయాడు. లోపల గోడలున్నాయని కూడా చూడలేదు" అంది టైపమ్మ చివరికి. భార్య వైపు తిరిగింది. "అమ్మాయ్, గడియారం మరీ ఎత్తున పెట్టకు. నేను పొట్టిదాన్ని. ఎప్పుడైనా వస్తే నాకూ టైము కనపడాలి కదా."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మీటరాయనకు ఏం చేయాలో తోచక కడ్డీ తుడుచుకున్నాడు.

నెల తిరిగింది. టైపమ్మ ఎవరికీ చెప్పకుండా, పక్కింట్లో తాళం ఇచ్చి, తెల్లవారి మొదటి బస్సుకు వెళ్లిపోయింది. పది గంటలకు సామాన్లతో వచ్చాక గానీ వీళ్లకు ఆ సంగతి తెలియలేదు. వీడ్కోలుకు ఏవేవో మాటలు కూడబెట్టుకున్న మీటరాయన చాలాసేపు గేటు పట్టుకు నిలబడ్డాడు. తర్వాత కూర్చుని మూత ఎత్తాడు. ఆమె పేరు మీద ఆఖరి లెక్క అది. ఎర్ర చక్రం కదలడం లేదు. లోపల భార్య మొదటి మేకు కొడుతోంది. ఠక్ ఠక్ మని వీధంతా వినిపిస్తోంది.

రాసుకోవడానికి అలవాటుగా చెయ్యి గేటు వైపు పోయింది. ఊచకు కొత్త దారం కట్టి ఉంది. దాని చివర, ఇంకా ఒక్క అక్షరమూ రాయని, చెక్కిన నిండు పొడవు పెన్సిలు వేలాడుతోంది.