పెరట్లో చుట్టం ఉండగా

మా పెరట్లో కుళాయి దగ్గర ఎప్పుడూ కాస్త తడి ఉంటుంది. ఆ తడి కోసమే కాబోలు, చలి మొదలయ్యే రోజుల్లో ఒక పిట్ట వస్తుంది. గుప్పెడంత ఒళ్ళు, ఒంటికి మించిన తోక. అది నిలబడినా తోక నిలవదు. కిందికీ పైకీ ఆడుతూనే ఉంటుంది. దాని అసలు పేరేమిటో మాకు తెలియదు. మా వదిన దాన్ని చుట్టం అంటుంది.

వదిన అంటే మా ఆయనకి అక్క. ఇద్దరికీ మగదిక్కు పోయాక ఈ రెండు గదుల ఇంట్లో కలిసి ఉంటున్నాం. ఆవిడ బట్టలు కుడుతుంది. ముందు గదిలో కిటికీ పక్కన ఆవిడ మిషను. నేను బైండింగు షాపులో కాగితాలు మడిచేదాన్ని. బడికి పోలేదు, అక్కడే అక్షరాలు కూడబలుక్కున్నాను. అచ్చయి వచ్చిన పెద్ద కాగితం మీద పేజీలు వరసగా ఉండవు. ఒకటో పేజీ పక్కన పదహారోది ఉంటుంది. మడిస్తేనే వరసలో పడతాయి. నేను మడవకముందే చదివేదాన్ని. అందుకని ఏ కథకైనా మొదలూ చివరా ముందు తెలిసిపోయేవి, మధ్యలో ఏం జరిగిందన్నది తరవాత. ఆ అలవాటు చదువుతో ఆగలేదు. ఎవరైనా మా గడప తొక్కితే చాలు, వీళ్ళు ఎప్పుడు లేచి వెళ్ళిపోతారో అని దిగులు మొదలవుతుంది. మా ఆయన ఆఖరిసారి పనికి వెళ్తూ చెప్పుల కోసం వెతుక్కున్నాడు. అవి దొరక్కపోతే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"కీడెంచి మేలెంచమన్నారు. నువ్వు కీడెంచి అక్కడే చతికిలబడతావు" అంటుంది వదిన.

ఇంట్లో చుట్టం ఉండగా ఇంటివాళ్ళు ఊరెళ్ళకూడదని మా అత్తగారి నియమం. ఆవిడకి ప్రయాణాలంటే గిట్టదు. మనుషులెవరూ చుట్టాలుగా రాని ఒక చలికాలంలో, తమ్ముడింటికి వెళ్ళడం తప్పించుకోడానికి కుళాయి కింద పిట్టని చూపించి, "అదుగో, చుట్టం. దాన్ని వదిలేసి ఎలా వస్తాను?" అందిట. ఆ సాకు ఆవిడతో పోలేదు. మేమిద్దరం కూడా ఆ పిట్ట ఉన్నన్నాళ్ళు ఊరు దాటేవాళ్ళం కాదు. ఎండలు మొదలయ్యే వేళకి అది ఒక పొద్దున కనబడదు. అప్పుడు ఎవరింటికైనా వెళ్ళాలంటే వెళ్ళేవాళ్ళం.

మిగతావి రోజూ ఉండేవే. పొద్దున్నే వదిన రేకుడబ్బా మూతని బట్టలుతికే బండ మీద టకటకలాడిస్తుంది. ముందు పిచ్చుకలు దిగుతాయి. వాటికి బడి అని పేరు. ఆ వెనక పావురాలు. అవి పొట్టలు ముందుకి పెట్టుకుని, వడ్డించినా తినకుండా చూస్తాయి కాబట్టి మగపెళ్ళివారు. ఒక కాలు కుంటిదైన కాకి ఒకటి గోడ మీద అటూ ఇటూ నడుస్తూ అందరి వాటాలూ తనిఖీ చేస్తుంది. దాన్ని ఇన్‌స్పెక్టరు అంటాం. చుట్టం మాత్రం గింజల జోలికి రాదు. తడిలో పురుగూ పుట్రా ఏరుకుంటుంది. అయినా మూత మోగగానే వచ్చి నిలబడుతుంది, పిలుపు అందిందని చెప్పడానికన్నట్టు.

కిందటి చలికాలంలో నా కంటికి శుక్లం తీశారు. రెండో కన్ను ఎప్పుడో మసకబారింది, దానితో మనిషి ఆకారం తెలుస్తుంది గాని మొహం తెలియదు. ఆపరేషను చేసిన కంటికి వాపు వచ్చింది. చుక్కల మందు వేసి, కట్టు కట్టి, వెలుతురు తగలనివ్వద్దన్నాడు డాక్టరు. లోపలి గదిలో దుప్పటి తెర కట్టి నన్ను కూర్చోబెట్టింది వదిన. అక్కణ్ణుంచి నా లోకమంతా చెవులతోనే.

ఆ రోజుల్లోనే వదిన కూతురు తరచూ ఫోను చేసేది. ఆ పిల్ల దూరపు ఊళ్ళో ఒక పెద్దాసుపత్రిలో రక్తపరీక్షలు చేసే చోట ఉద్యోగం చేస్తుంది. నాకు ఇవతలి మాటలే వినిపించేవి.

"వస్తానే తల్లీ. చుట్టాన్ని వెళ్ళనీ. అది గడప దాటగానే నేనూ దాటతాను."

కూతురు తల్లిని తన దగ్గరికి తీసుకుపోయి ఇక పంపదని నేను తేల్చేసుకున్నాను. నా పదహారో పేజీ అది. అందుకని రోజూ మూత మోగిన కాసేపటికి గదిలోంచే అడిగేదాన్ని.

"వదినా, చుట్టం వచ్చిందా?"

"వచ్చింది. కుళాయి కింద నిలబడి తోక ఆడిస్తోంది, మా తమ్ముడు పేకాటలో కాలాడించినట్టు."

"ఓడిపోతున్నప్పుడా, గెలుస్తున్నప్పుడా?"

"వాడు గెలిచిందెప్పుడే?"

ఆ మాటతో నాకు ఆ పూటకి ధైర్యం వచ్చేది. చుట్టం ఉంది, వదిన ఉంటుంది.

దుప్పట్లు మడిచి పెట్టెలో పెట్టేశాం. తెల్లవారుజామున పాదాలకి చల్లగా తగిలే నేల నులివెచ్చనయింది. ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. పిట్టలకి పెట్టిన నీళ్ళు మధ్యాహ్నానికే ఇంకిపోతున్నాయని వదిన మళ్ళీ మళ్ళీ నింపేది. ఆ నీళ్ళ చప్పుడు వింటూ లెక్క వేసుకునేదాన్ని, ఈపాటికి చుట్టం వెళ్ళాలే అని. అడిగితే, "ఉంది. ముసలిదయింది కదా, రెక్కలు బద్ధకిస్తున్నాయి" అనేది.

పెరట్లో రెక్కల చప్పుడు మాత్రం మునుపటికంటే హెచ్చింది. "పిట్టలు ఎక్కువయ్యాయేం వదినా?" అన్నాను.

"ఊరందరికీ చెప్పుకున్నాయి కాబోలు, ఇక్కడ పెడతారని."

ఆవిడ అన్నం నాతో తినడం మానేసింది. నాకు కలిపి చేతికిచ్చి, తన పళ్ళెం పట్టుకుని పెరటి మెట్టు మీదికి పోయేది. నీ మొహం చూస్తూ తినే కంటే పిట్టల్ని చూస్తూ తినడం నయమంది. నేను నవ్వాను. మధ్యాహ్నాలు మిషను చప్పుడు వినపడేది. కాసేపు తిరిగి ఆగేది, మళ్ళీ కాసేపు.

"ఎవరి బట్టలు వదినా?"

"ఒకావిడ చిక్కిపోయింది. జాకెట్లన్నీ వదులయ్యాయిట, లోపలికి పట్టమంది."

"అదృష్టవంతురాలు" అన్నాను, నా నడుం తడుముకుని.

మిషను ఆగింది. కొంచెంసేపటికి మళ్ళీ తిరిగింది.

కట్టు విప్పే రోజున నన్ను డాక్టరు దగ్గరికి పక్కింటి పంతులమ్మ తీసుకెళ్ళింది. వదిన కాళ్ళు లాగుతున్నాయంది. తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. పిట్టలకి నూకలు తేవడానికి వెళ్ళి ఉంటుంది. నేను నేరుగా పెరట్లోకి వెళ్ళాను. కొత్త కన్నుతో ముందు చుట్టాన్నే చూడాలని.

ఎండ తెల్లగా కాస్తోంది. గోడ పెచ్చులు, బండ మీద సబ్బు మరక, పిచ్చుక గొంతు కింద నల్లమచ్చ, అన్నీ సూదిమొనలా కనిపించాయి. కుళాయి కింద నేల బీటలు వారి ఉంది. తడి లేదు. కుళాయికి కొత్త వాషరు బిళ్ళ వేసి బిగించిన గుర్తు. చుక్క కారడం ఎప్పుడు ఆగిందో. అక్కడ ఏ పిట్టా లేదు.

బండ మీద మాత్రం విందు జరుగుతోంది. ఒక మనిషికి సరిపడా కలిపిన అన్నం, ముద్దలు ముద్దలుగా. ఒక ముద్ద కొసన కొరికి వదిలేసినట్టుంది. పెళ్ళివారు మెడలు కనబడనంతగా బలిశారు.

తీగ మీద వదిన జాకెట్లు ఆరుతున్నాయి. రంగు వెలుస్తుందని ఆవిడ ఎప్పుడూ తిరగేసే ఆరేస్తుంది. లోపలి కుట్లు బయటికి కనిపిస్తున్నాయి. పక్క కుట్టుకి లోపలగా ఇంకో కుట్టు. దానికి లోపలగా మరొకటి. ఆ పైన ఇంకొకటి. పాత కుట్టు ఒక్కటీ విప్పలేదు. ఇది ఆవిడ పద్ధతే. మనిషి మళ్ళీ ఒళ్ళు చేస్తే లోపలి కుట్టు లాగేస్తే చాలంటుంది. ఒక్కో జాకెట్టునీ పట్టుకుని చూశాను. అన్నిటికీ అంతే.

వెనక తలుపు చప్పుడయింది.

"ఏమే, కన్ను తెరిచి ఎవరి జాకెట్లని పరీక్షిస్తున్నావు?"

గొంతు వదినదే. మనిషి వదిన కాదు. బుగ్గలు లోపలికి పోయాయి. మెడ ఎముకల మధ్య నీళ్ళు నిలిచేటంత గుంటలు. జాకెట్టు మాత్రం కొలిచి కుట్టినట్టు ఒంటికి అతికి ఉంది.

"ఎండలో నిలబడకు, నీరు కారుతోంది కన్ను" అంది.

"కొత్తది కదా" అన్నాను.

సాయంత్రం ఫోను మోగితే ఆవిడ కంటే ముందు నేను తీశాను.

"అత్తయ్యా, నువ్వా?" అంది కూతురు. "కన్ను బాగుందా? అయితే ఇక నీకు చెప్పచ్చు. అమ్మకి గొంతులో గడ్డ ఉంది. అక్కడి డాక్టరు చలికాలంలోనే ఇక్కడికి పంపమన్నాడు. నీ కట్టు విప్పేదాకా నీకు చెప్పద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. చూపు లేని నిన్ను వదిలి రానంటుంది. అడిగితే చుట్టం ఉందంటుంది. ఈ ఎండలో ఏ చుట్టం అత్తయ్యా?"

"రేపు చెప్తాను" అని పెట్టేశాను.

చుట్టం ఉందని విన్న ప్రతి పొద్దునా నేను సంతోషించాను. ఆ పొద్దుల్లో ఆవిడ గొంతు మూసుకుపోతూ వచ్చింది.

మర్నాడు ఆవిడ లేవకముందే మూత తీసుకుని బండ మీద టకటకలాడించాను. నా వాయింపు వేరుగా ఉందేమో, పిచ్చుకలు కాసేపు గోడ మీదే ఆలోచించాయి. వదిన వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"వదినా, చుట్టం వెళ్ళిపోయింది" అన్నాను.

ఆవిడ కుళాయి వైపు చూడలేదు. నన్నే చూసింది.

"సరిగ్గా చూశావా? అలవాటు లేని కన్ను."

"చూశాను. లేదు."

"మూలన ఉంటుందేమో. పిరికిది."

"లేదు వదినా. నువ్వు సంచి సర్దుకో."

ఇన్‌స్పెక్టరు వచ్చి ఆవిడ పాదం దగ్గర పడ్డ నూక తీసుకుపోయింది. "చుక్కల మందు ఎవరు వేస్తారే నీకు?" అంది వదిన.

"పంతులమ్మ వేస్తుంది. ఆవిడ తప్పులు దిద్దినట్టు వేస్తుంది, గురి తప్పదు."

వదిన నవ్వబోయింది. మింగుడు పడక గొంతు పట్టుకుంది.

కూతురు వచ్చి తీసుకెళ్ళింది. వీధి మలుపు దాకా వెళ్ళాను. ఆవిడ చెప్పులు తొడుక్కుంటున్నప్పుడు చూడలేక పక్కకి తిరిగాను. "వెళ్ళొస్తా" అంది. "కుళాయి బిళ్ళ కొంచెం వదులు చెయ్యి. చలికాలానికి తడి ఉండాలి" అని కూడా అంది.

ఎండలు ముదిరి వానలు పడ్డాయి. పిచ్చుకలు మిషను కింద దారపు ముక్కలు ఎత్తుకుపోయి చూరులో పెట్టుకున్నాయి. వాన రోజుల్లో పెళ్ళివారు తడిసి, విడిదింట్లో మర్యాద జరగని మొహాలతో కూర్చునేవారు. ఫోనులో వదిన ముందు వాటన్నిటి గురించీ అడిగేది. తరవాత్తరవాత వింటూ ఊఁ కొట్టేది. గొంతుకి ఏదో గొట్టం పెట్టారన్నాక ఊఁ కూడా లేదు. కూతురు ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టేది, నేను పిట్టల సంగతులు చెప్పేదాన్ని. వింటోందా అని అడిగితే, "వేళ్ళు ఆడిస్తోంది అత్తయ్యా" అనేది.

కుళాయి బిళ్ళ వదులు చేసి ఉంచాను. గాలిలో చురుకు తగ్గిన ఒక పొద్దున, మూత మోగించి తల ఎత్తేసరికి, తడిలో చుట్టం. ఏమీ జరగనట్టు తోక ఆడిస్తోంది. ఆ మాట వదినకి చెప్పాలని ఇంట్లోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది.

"అత్తయ్యా, బయలుదేరి రా" అంది కూతురు.

ఎందుకన్నది చెప్పలేదు. ఏ కథకైనా పదహారో పేజీ ముందు చదివేదాన్ని నేను. ఈసారి అడగలేదు. అడిగితే ఆ పిల్ల చెప్తుంది.

"వస్తున్నానే" అన్నాను.

వదిన జాకెట్టు ఒకటి తీసుకుని బ్లేడుతో అన్నిటికంటే లోపలి కుట్టు విప్పాను. బ్లేడు జారి గుడ్డ కాస్త చీలింది. రెండో కుట్టు విప్పకుండా మడిచి సంచిలో పెట్టాను. డబ్బాలో ఉన్న నూకలన్నీ బండ మీద కుప్ప పోశాను. గిన్నెలన్నిటా నీళ్ళు నింపాను. పంతులమ్మ గోడ మీంచి చూసి, "చుట్టం వచ్చినట్టుందే, మరి ఊరికెలా?" అంది. మా నియమం ఆవిడకీ తెలుసు.

"దానికి నువ్వు చెప్పు" అన్నాను.

చుట్టం కుళాయి దగ్గర్నుంచి మెట్టు దాకా వచ్చి నిలబడింది. తలుపు మూశాను. తాళం వేసి, పడిందో లేదోనని లాగి చూశాను. వీధిలోకి దిగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి మరోసారి లాగి చూశాను. పడింది.