ఐదు వేల అడుగుల హద్దు

నెవాడాలోని ఆ వైమానిక స్థావరంలో మేజర్ రోండా వాస్కో ఆ నెల ఎగిరింది మూడే సార్లు. మిగతా రోజులు కాగితాలతోనే గడిచాయి. ఒకప్పుడు ఆమెకు గురువైన డ్వైట్ పెల్టియర్ మాత్రం రిటైరయ్యాక ఒక ప్రైవేటు కంపెనీలో చేరాడు. పాత మిరాజ్ యుద్ధవిమానంలో, శిక్షణ పోరాటాల్లో శత్రువు పాత్రలో, దాదాపు రోజూ ఎగురుతున్నాడు.

రోండా తీర్చిదిద్దిన కుర్ర పైలట్లందరూ దిగగానే అతని చుట్టూ మూగేవారు.

"ఆయన చెప్తే ఇట్టే అర్థమైపోతుంది మేడమ్," అంది లెఫ్టినెంట్ కార్లా ఇబార్రా, ఆమెతోనే.

రోండా నవ్వి ఊరుకుంది. ఆ వారం డ్వైట్‌తో తలపడేవాళ్ల జాబితాలో తన పేరు తనే రాసుకుంది.

గురువారం ఆమె డ్వైట్‌తో తలపడింది. శిక్షణలో ఐదు వేల అడుగుల ఎత్తునే నేల అనుకోవాలి. అంతకంటే కిందికి దిగినవాళ్లు చచ్చినట్టే లెక్క. డ్వైట్ సరిగ్గా ఆ హద్దు దాకా దిగి మలుపు తిరిగాడు. అతను చేజారిపోతున్నాడని ఆమెకు తెలిసింది. తన విమానం ముక్కు ఇంకాస్త దించి, మలుపుకు అడ్డంపడి గురిపెట్టింది.

"మిరాజ్ కూలింది," అంది రేడియోలో.

"కూలాను," అన్నాడతను.

తర్వాత అందరూ కూర్చుని రికార్డింగ్ చూస్తున్నారు. తెరమీద ఎత్తు 4,800 అని కనబడింది. నాలుగు సెకన్లే. ఎవరూ గమనించలేదు.

"ఆ మలుపు రేపు నేనూ కొడతాను మేడమ్," అంటూ ఇబార్రా రాసుకుంటోంది.

రోండా రికార్డింగ్ ఆపి వెనక్కి తిప్పింది. "రాయకు. నేనిక్కడ నేలలోకి దిగాను. చచ్చింది నేను."

ఇబార్రా రాసింది కొట్టేసింది.

"చూశాన్లేమ్మా," అన్నాడు డ్వైట్.

"మరి చెప్పలేదేం?"

"ఓడిపోవడానికే కదా నాకు జీతమిస్తోంది."

"నీ మీద కుళ్లుతో చేశాను, డ్వైట్."

ఆ సాయంత్రమే ఆమె జరిగింది రాసి కమాండర్‌కు పంపింది.

కమాండర్ ఆమెను రెండు వారాలు ఎగరనివ్వలేదు. మర్నాడు ఇబార్రా డ్వైట్‌తో తలపడింది, హద్దు దగ్గర దిగడం ఆపేసి ఓడింది. నేరుగా రోండా గదికొచ్చింది.

"అక్కడ ఏం చెయ్యాల్సింది మేడమ్?"

రోండా కాగితం మీద ఆ మలుపు గీసి చూసింది. ఎలా గీసినా హద్దు దాటుతోంది.

"పద, డ్వైట్‌నే అడుగుదాం," అంది. ఆ మాట అనడానికి ఆమెకు ప్రాణం పోయినంత పనైంది.